మోటారుబండి యెత్తు పెంచుటకు ముందు

ఇటీవల మన యిండ్లలోని యువకులకు క్రొత్త ముచ్చట యొకటి పుట్టినది. జీపువంటి మోటారుబండిని కొందురు. కొన్న నాలుగు నెలలకే అది కురుచగా నున్నదని వారికి తోచును. స్ప్రింగులు మార్చి బండిని రెండు మూడంగుళములు పైకెత్తవలెననియు, ఉన్న టైరులు తీసివైచి వానికంటె పెద్దవి తొడుగవలెననియు తహతహలాడుదురు. దీనినే వారు లిఫ్టు చేయించుట యందురు. ఇంటిలోని ఆడువారికి ఈ సంగతి రెండు సందర్భములలోనే తెలియవచ్చును: సొమ్ము కావలసినప్పుడు మొదటిసారి, చీర కుచ్చెళ్లు చేత బట్టుకొని ఆ బండి యెక్కలేక నిలిచిపోయినప్పుడు రెండవసారి.

యంత్రముల సంగతి మనకేల యని సోదరీమణులు కొందరనవచ్చును. ఆ బండిలో ఘాటుదారిని దిగి వచ్చువారు మన భర్తలును, మన బిడ్డలును గనుక మనకు కావలసినదే యని మా యభిప్రాయము. పైగా ఇందులో కూడికలు, భాగహారములు తప్ప గ్రహింపరాని విద్య యేదియు లేదు. మా మరిది నర్సీపట్నమున నుండి, చింతపల్లి వైపు మన్యపుగ్రామములలో కాఫీగింజలు, మిరియములు కొనుగోలు చేయు వ్యాపారము సాగించుచున్నాడు. అతనికిని నిరుడు ఈ కోరిక కలిగినది. పిల్ల చదువునకై కూడబెట్టిన సొమ్ములో కొంత దీనికి పోవునని తెలిసి మా తోడికోడలు మాతో మొరపెట్టుకొన్నది. అతనిని మందలించుటకు బదులు అతనితో కూడ కూర్చుండి లెక్క చూచుట మంచిదని మాకు తోచినది. మావారు బడిపంతులు గనుక అంకెలకు జంకరు. కంపెనీవారి పుస్తకము చదివియు, పనివాండ్రను అడిగియు, టేపు పట్టి కొలిచియు మేము తెలిసికొన్నది ఈ క్రింద వ్రాయుచున్నాము.

లెక్క యే బండికైనను ఒకటియే. మా యింట నున్నది థార్ గనుక దానినే ఉదాహరణముగా గైకొందుము. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా సైన్యమునకై పుట్టిన జీపును మహీంద్రావారు 1947 నుండి మన దేశమున కూర్చి యమ్మసాగిరి. ఆ వంశములోనిదే ఈ థార్. రెండవ తరపు థార్ 2020 అక్టోబరు 2వ తేదీని విడుదలయైనది. కంపెనీవారు ప్రకటించిన ప్రకారము దీని పొట్టకును నేలకును నడుమ 226 మిల్లీమీటర్ల ఖాళీ, అనగా తొమ్మిదంగుళములకు రవ్వంత తక్కువ, కలదు. 650 మిల్లీమీటర్ల లోతు నీటిలో దిగి నడువగలదు. ఇవి గాక మూడు వాలుల కొలతలను కూడ వారు చెప్పుదురు. గట్టునకు ఎదురుగా పోవునప్పుడు మూతి తగులకుండ ఎక్కగల వాలు 41.8 డిగ్రీలు, దిగునప్పుడు తోక నేలకు రాచుకొనకుండ నుండు వాలు 36.8 డిగ్రీలు, గట్టు నడినెత్తిన పొట్ట ఆనకుండ దాటగల వాలు 27 డిగ్రీలు. మనము మంచమును గడప దాటించునప్పుడు ముందుకోళ్లు దాటి, వెనుకకోళ్లు ఇంకను దాటకమున్ను నడిమిపట్టె గడపకు తగులునేమో యని చూచుకొందుము గదా. మూడవ వాలు అట్టిదే. కొన్ననాటి రూపముననే ఇది మన పల్లెదారులకు తక్కువైన బండి కాదని ఈ యంకెలే చెప్పుచున్నవి.

మరి మా మరిదికి లోపమెక్కడ తోచినది? "వదినా, వానకాలములో ట్రాక్టరులు తిరిగి దారి పొడుగున గాడులు పడును. బండి ఆ గాడులలో దిగబడిపోవును. రెండంగుళములు ఎత్తు పెంచినచో చాలును" అని అతని వాదము. విన్నంతనే నిజమనిపించును. కాని ఇందులో రెండు వేర్వేరు కష్టములు ఒక్కటిగా ముడివడియున్నవి. భారతము చదివిన సోదరీమణులకు ధర్మరాజు రథము జ్ఞాపకముండును. అది నేలనంటక నాలుగంగుళముల ఎత్తున నడచెడిదనియు, అశ్వత్థామ విషయమున ఆయన ద్రోణునితో ఆడరాని మాట యాడినంతనే నేలకు దిగినదనియు ద్రోణపర్వము చెప్పును. కర్ణుని రథచక్రము భూమిలో క్రుంగిపోయిన కథ పిల్లలు కూడ నెరుగుదురు. లిఫ్టు కోరువారందరు ధర్మరాజు రథమును కోరుకొందురు. మన్యపు బురదలో వారికి నిజముగా కలుగుచున్నది కర్ణుని కష్టము. పొట్ట రాతికి తగులుట వేరు, చక్రము దిగబడుట వేరు. మొదటిదానికి స్ప్రింగులు కొంత పనికివచ్చును. రెండవదానికి టైరును, అందులోని గాలియు పనికివచ్చినట్లు మరేదియు పనికిరాదు.

ఇక లిఫ్టనగా నేమో చూతము. బండి పెట్టె, చట్రము, ఇంజను అన్నియు స్ప్రింగులపై ఆనుకొనియుండును. స్ప్రింగు ఊగకుండ దానిని అదుపులో నుంచునది షాక్‌అబ్జార్బరు. బండిని ఎత్తుటకు మూడు దారులున్నవి. స్ప్రింగు నెత్తిన నొక బిళ్ల పెట్టుట చవుక మార్గము, దీనిని స్పేసరందురు. పొడుగైన స్ప్రింగులును, వానికి తగిన క్రొత్త షాకులును వేయుట ఖరీదైన మార్గము. చట్రమునకును పెట్టెకును నడుమ దిమ్మలు పెట్టి పెట్టెను మాత్రమే లేపుట మూడవది. ఈ మూడవదానివలన పెద్ద టైరులకు జాగా దొరకునే గాని పొట్ట క్రింది యినుము ఉన్నచోటనే యుండును. దీనిని గూర్చి ఇంతకంటె చెప్పవలసినది లేదు. బిళ్ల పెట్టినవారు తరచుగా పాత షాకులనే యుంతురు. అప్పుడు చక్రము గుంతలోనికి దిగవలసివచ్చినచో షాకు నిడివి చాలక మధ్యలోనే ఆగిపోవును. బండి దడదడమని కొట్టుకొనును. ఎగుడుదిగుడు నేలపై చక్రము క్రిందికి దిగి నేలను పట్టుకొనుటయే కదా అసలు కావలసినది. దానినే పోగొట్టుకొని ఎత్తు సంపాదించుకొనుట మాకు వింతగా నున్నది.

ఇంతకంటె ముఖ్యమైన విషయము వేరొకటి కలదు. థార్ బండికి వెనుక ఇరుసు ఎద్దుబండి ఇరుసువలె ఈ చక్రమునుండి ఆ చక్రమువరకు ఒకే ముక్కగా నుండును. దాని నడుమ పళ్లచక్రములు గల గుండ్రని యినుపపెట్టె వ్రేలాడుచుండును. పనివాండ్రు దానిని డిఫరెన్షియలు అందురు. ఆ పెట్టె స్ప్రింగులకు పైన లేదు, క్రిందనున్నది. స్ప్రింగులను ఎంత ఎత్తు చేసినను చట్రము లేచునుగాని ఆ పెట్టె వెంట్రుకవాసియైనను కదలదు. గాడుల నడిమి దిబ్బకు మొదట తగులునది సాధారణముగా అదియే. దానిని పైకి లేపునది పెద్ద టైరొక్కటే. టైరు కూడ తాను పెరిగినంత లేపదు, సగమే లేపును. ఇరుసు చక్రము నడుమ నుండును గదా. టైరు అడ్డుకొలత రెండంగుళములు పెరిగినచో ఇరుసు ఒక్క అంగుళమే లేచును. ముందువైపు సంగతి వేరు. అక్కడ రెండు చక్రములును విడివిడిగా ఊగును. గుండ్రని పెట్టె చట్రమునకు బిగింపబడియుండును గనుక లిఫ్టుతోపాటు అదియు లేచును. దానివలన మరియొక చిక్కు వచ్చును. అది ముందు చెప్పుదుము.

టైరు లెక్క ఎవరికి వారే చేసికొనవచ్చును. టైరు ప్రక్కన 255/65 ఆర్ 18 అని వ్రాసియుండును. మొదటి యంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవది ప్రక్కగోడ యెత్తు ఆ వెడల్పులో నూటి కెంతయో చెప్పును. చివరిది లోపలి చక్రము అడ్డుకొలత, అంగుళములలో. 255లో నూటికి 65 అనగా 165.75. పైన నొక గోడ, క్రింద నొక గోడ గనుక రెట్టింపు చేయగా 331.5. పదునెనిమిదంగుళములనగా 457.2 మిల్లీమీటర్లు. రెండును కూడగా 788.7. ఇది థార్‌లో ఎక్కువ వెలగల రకములకు కంపెనీవారు తొడుగు టైరు. మా మరిది కోరినది 285/65 ఆర్ 18. ఇట్లే లెక్కించినచో దాని అడ్డుకొలత 827.7 వచ్చును. తేడా 39 మిల్లీమీటర్లు, సగము 19.5. అయిదు టైరుల ఖర్చుకును, రెండంగుళముల లిఫ్టు ఖర్చుకును కలిపి ఆ గుండ్రని పెట్టె అంగుళమున కంటెను తక్కువగా లేచునన్నమాట! ఈ కూడిక మావారు పలకమీద వ్రాసి చూపినప్పుడు మా మరిది రెండుమారులు తిరుగవేసి చూచుకొన్నాడు.

అయిదు టైరులని యేల వ్రాసితిమో చెప్పవలెను. సాధారణముగా నలుగురికి వంటకు నలుగురి బియ్యము పోయుదురు; బండికి మాత్రము అయిదవది తప్పదు. నాలుగు చక్రములును ఇంజనుచే త్రిప్పబడు బండిలో ఒక చక్రము తక్కిన మూటికంటె చిన్నదైనచో అవి ఒకే వేగమున తిరుగనేరవు. లోపలి పళ్లచక్రములు నలుగును. దారిలో పంక్చరైననాడు పాత చిన్న టైరు తొడిగి పోవుదమన్న వీలుండదు. ఆ యయిదవ టైరు థార్‌కు వెనుక తలుపుమీద వ్రేలాడును. పెద్దది మరికొన్ని కిలోలు బరువెక్కువ. గతుకులలో ఆ బరువంతయు తలుపు మడతబందులమీద పడును. తలుపు క్రుంగి కిరకిరలాడిన తరువాత బందులు మార్పించుట ప్రత్యేక ఖర్చు.

టైరు పెద్దదైనచో నడకలో కలుగు మార్పులు చూడుడు. అడ్డుకొలత దాదాపు నూటికి అయిదు పెరిగినది గనుక చక్రము ఒక చుట్టునకు నూటికి అయిదు ఎక్కువ దూరము పోవును. వేగము చూపు గడియారము ఈ మార్పు నెరుగదు. అది 60 అని చూపుచుండగా బండి మునుపటికంటె హెచ్చుగా, 63కు తగిన వేగమున పోవుచుండును. కిలోమీటర్ల లెక్కయు అట్లే తప్పును. నూనె మార్చవలసిన గడువు దాటిపోవును. ఇంజను ప్రతి గేరులోను కొంత బరువుగా లాగవలసివచ్చును. ఎత్తులలో ఒక గేరు తగ్గించి నడుపవలెను, డీజిలు ఎక్కువ తాగును. ఇవన్నియు ఓర్చుకొనదగినవే. ఓర్చుకొనరానిది బ్రేకు. బ్రేకుబిళ్ల పట్టు మారలేదు; చక్రము వ్యాసార్ధము పెరిగినది. తిరుగలిపిడి రాయి నడుమకు దగ్గరగా నున్నచో త్రిప్పుటకు ఎంత బలము కావలెనో మనకు తెలియును. అదే న్యాయమున పెద్ద చక్రమును ఆపుటకు బ్రేకు ఎక్కువ కష్టపడవలెను. పైగా బరువు అంచున నున్న చక్రము వడి పట్టినచో సులభముగా నిలువదు. మైదానమున ఈ తేడా తెలియదు. లంబసింగి దారివంటి ఘాటుదారిలో మూటలు వేసికొని దిగునప్పుడు తెలియును.

ఎత్తువలన కలుగు మార్పు ఇంకొకటి. బిందెపై బిందె పెట్టుకొని నడచినవారికి దీనిని చెప్పనక్కరలేదు. బండి దొర్లిపోకుండ నిలుచు శక్తిని కొలుచుటకు సులభమైన సూత్రమొకటి కలదు. ఎడమ కుడి చక్రముల నడిమి వెడల్పులో సగమును, బరువుకు కేంద్రమైన చోటు నేలనుండి ఎంత ఎత్తుననున్నదో దానితో భాగింపవలెను. సగము వెడల్పు 76 సెంటీమీటర్లనియు, కేంద్రపు ఎత్తు 70 అనియు ఉదాహరణమునకై ఊహింతము. భాగఫలము 1.09. లిఫ్టుతోను టైరులతోను ఆ యెత్తు 76 అయినచో భాగఫలము 1కి దిగును. అంకె తగ్గినకొలది మలుపులో బండి ప్రక్కకు వ్రాలుట సులభమగును. నెత్తిన సామానుబుట్ట కట్టి మూటలు వేసినచో చెప్పవలసినదే లేదు. ఇప్పటి బండ్లలో కొన్నిరకములకు జారుడును దొర్లుడును కనిపెట్టి బ్రేకులు తానై వేయు విద్యుత్సాధనము కలదు. అదియు కంపెనీవారు నిర్ణయించిన ఎత్తునకును టైరునకును సరిపడునట్లు అమర్చబడినదే. మార్చిన బండిలో దానిమీద మునుపటివలె భారము వేయరాదు.

ముందు చక్రముల చిక్కు చెప్పెదమంటిమి. ఇంజనునుండి ముందు చక్రమునకు పోవు ఇనుపకడ్డీకి రెండు కీళ్లుండును. కీలుకు కందెన కారిపోకుండ రబ్బరు తొడుగుండును. బండిని లేపినకొలది ఆ కడ్డీ వాలు హెచ్చును, కీలు వంగును, రబ్బరు మడతలు ఒకదానికొకటి రాచుకొనును. మా బంధువులొకరి బండికి రెండంగుళములు ఎత్తించిన ఆరునెలలలోపల ఆ రబ్బరు చినిగి, కందెన కారి, బురద చేరి కీలు చెడిపోయినది. బాగుచేయించుటకు పోగా అమ్మినవారు లిఫ్టు చేసినవానిని అడుగుమనిరి. లిఫ్టు చేసినవాడు సామాను నాసిరకమైనచో నేనేమి చేయుదుననెను. ఇరువురి నడుమ ఆ గృహస్థు మూడువారములు తిరిగి, చేతిసొమ్ముతోనే చేయించుకొన్నాడు. ఇట్లే బ్రేకు రబ్బరుగొట్టము నిడివి చాలక బిగిసిపోవును. దానిని చక్రము పూర్తిగా క్రిందికి దింపి చూడవలెను. ముందు చక్రముల పొందిక తప్పి టైరు ఒకవైపే అరుగును. దీపముల చూపు పైకి లేచి ఎదుటివాని కన్నులు చెదరగొట్టును. ఈ చివరిది సరిచేయుట నిమిషముల పని. చేయువారు మాత్రము అరుదు.

ఇక చట్టము. 1988 నాటి మోటారువాహనముల చట్టములో 52వ సెక్షను కలదు. కంపెనీవారు మొదట నిర్ణయించినదానికి రిజిస్ట్రేషను పత్రములోని వివరములు భిన్నమగునట్లు యజమాని బండిని మార్చరాదని దాని భావము. కేరళనుండి వచ్చిన వ్యాజ్యములో 2019 జనవరిలో సుప్రీముకోర్టు దీనిని గట్టిగా సమర్థించినది. అదే సంవత్సరము చట్టమును సవరించి 182ఏ అను సెక్షను చేర్చిరి. అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరునెలలవరకు ఖైదు గాని, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని అందున్నది. ఒక్కొక్క మార్పునకు అను మాటను గమనింపవలెను. వీధిలో అట్టి బండ్లు తిరుగుచునే యున్నవి గదా యని మరిది అడిగినాడు. తిరుగుచున్నవి, నిజమే. కాని ప్రమాదము జరిగిననాడు బీమావారు మొదట చూచునది బండి పత్రములో వ్రాసినట్లున్నదా యనియే. వారికి తెలుపక చేయించిన మార్పు ఆనాడు పరిహారమునకు అడ్డువచ్చును. చక్రము క్రింద పడినవాడు పరాయివాడైనచో ఆ భారము ఏ యిల్లు మోయగలదో ఎవరికి వారే యోచించుకొనవలెను. మా తోడికోడలు ఇంతసేపును మాటాడక, ఇక్కడ మాత్రము భర్త మొగము చూచినది.

టైరు విషయమున నిరపాయమైన చిన్నదారి యొకటి కలదు. ఒకే బండి పలు రకములుగా అమ్ముడగుచుండగా తక్కువ వెల రకమునకు చిన్న టైరు, ఎక్కువ వెల రకమునకు పెద్ద టైరు కంపెనీవారే యిత్తురు. థార్‌లో తక్కువ రకమునకు 245/75 ఆర్ 16 తొడుగుదురు. దాని అడ్డుకొలత 773.9. ఇట్టిది గలవారు పెద్దరకపు కొలతకు పోవుట కంపెనీవారి లెక్కలోనిదే. అయినను వారినొకమారు వ్రాతమూలముగా అడిగి జవాబు దాచుకొనుట మంచిది.

పెద్ద టైరులు ఎక్కడను పనికిరావని మేము చెప్పుటలేదు. ఐస్‌లాండు దేశపు నడిమి మంచుమైదానములలో 38, 44 అంగుళముల టైరులు గల బండ్లు తిరుగును. అక్కడ 1990లో ఆర్కిటిక్ ట్రక్స్ అను సంస్థ ఈ పనికే ఏర్పడినది. వారు కోరునది పొట్ట యెత్తొక్కటే కాదు. ఆ టైరులలోని గాలిని మిక్కిలి తగ్గించి, వెడల్పుగా పరచుకొనజేసి, మెత్తని మంచుపై తేలిపోవుదురు. స్ప్రింగులు, గేరులు, బ్రేకులు అన్నియు దానికి తగినట్లు మార్చి, తనిఖీ చేయించి, ప్రభుత్వపు పత్రములో వ్రాయించుకొందురు. మంచుపై వారు చేయుదానిలో మన బురదకు పనికివచ్చు భాగము గాలి తగ్గించుట. దానికి లిఫ్టు అక్కరలేదు.

ఇది చేసి చూచినగాని నమ్మబుద్ధి కాదు. బురదలోనికి దిగకముందు టైరుగాలిని 18 లేక 20 పౌనులకు తగ్గించినచో టైరు నేలను ఆను భాగము పొడుగగును, బరువు ఎక్కువ చోట పరచుకొనును, దిగబడుట తగ్గును. అంతకంటె తగ్గించినచో టైరు అంచునుండి ఊడిపోవు భయము కలదు. ఆ గాలితో నెమ్మదిగా నడుపవలెను, తారురోడ్డు చేరగనే తలుపుచట్రముపై అంటించిన చీటీలోని కొలతకు మరల నింపవలెను. తక్కువ గాలితో రోడ్డుపై వేగముగా పోయినచో టైరు వేడెక్కి పగులును. ఇందుకు కావలసినవి గాలి కొలుచు గడియారమొకటి, బండి బ్యాటరీతో నడచు చిన్న పంపొకటి. రెండింటి వెలయు ఒక్క పెద్ద టైరు వెలకంటె చాల తక్కువ.

ఇంత విన్నపిమ్మటను లిఫ్టు తప్పదనువారు వరుస తప్పకుండవలెను. లోకములో మొదట లిఫ్టు చేయించి, లేచిన సందు బోసిగా నున్నదని పెద్ద టైరు కొని, అది రాచుకొనుచున్నదని మరల ఇనుము కోయించుచున్నారు. రవికె కుట్టించి దానికి తగిన మనిషిని వెదకినట్లున్నది ఈ వరుస. మొదట దారి కొలువవలెను. దారిని బట్టి టైరు. టైరునకు బరువు మోయు సంఖ్యయు, వేగపు అక్షరమును కంపెనీ టైరునకు తక్కువ కాకుండ చూడవలెను. ఆ టైరు పెట్టెకు తగులకుండుటకు ఎంత ఎత్తు కావలెనో అంతే లిఫ్టు. బిగించినవానియెదుటనే ఒక ముందు చక్రమును దిమ్మెపై కెక్కించి, స్టీరింగును ఈ కొననుండి ఆ కొనకు త్రిప్పించి, ఎక్కడనైనను రాచుకొను చప్పుడగునేమో వినవలెను. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన తరువాత మరలన్నియు బిగింపించవలెను. చట్టపు అనుమతియు, బీమావారి సమ్మతియు బండి గ్యారేజికి పోకముందే చేతికి రావలెను గాని తరువాత కాదు. బురదటైరుల లోతైన పళ్లు మట్టిలో బాగుగా పట్టును, తడిసిన నున్నని రోడ్డుపై అంత పట్టవు, రోదయు ఎక్కువ. నెలకు ఇరువదియైదు దినములు రోడ్డుపైనే తిరుగువారు మట్టికిని రోడ్డుకును నడుమరకమైన టైరులే వేసికొనుట మేలు.

మా మరిది దారి కొలుచుటకు మావారు కూడ వెళ్లిరి. చేతికర్రపై అంగుళములు గీసికొని పోయి, బండి ఆగిపోవు చోట్లన్నిటను గాడి లోతు చూచిరి. ఎక్కువభాగము ఆరునుండి ఎనిమిదంగుళములు. తొమ్మిదంగుళములు దాటినది వాగు దిగుచోట ఒక్కటే, అక్కడ పదకొండు. ఆ చోట గ్రామస్థులతో కలిసి ఒక పూటలో రాళ్లు పరపించినారు. దీనివలన కాఫీమూటలు మోయు తక్కిన బండ్లకును మేలైనది. తరువాత కంపెనీ కొలతలోనే నడుమరకపు టైరులు అయిదు, గాలిపంపు, బురదలో లాగుటకు గట్టి పట్టీ కొన్నారు. పిల్ల చదువు సొమ్ము ముట్టలేదు.

మా అత్తగారికి మోకాళ్ల నొప్పి. నెలకొకమారు విశాఖపట్టణము వైద్యునియొద్దకు ఆ బండిలోనే పోవుదురు. ఇప్పటి ఎత్తునకే ఆమెకు ముక్కాలిపీట వేయవలసియున్నది. పీట యెత్తు తొమ్మిదంగుళములు. కాళ్లన్నిటికిని రబ్బరు తొడుగులు వేయించి వెనుక సీటు క్రింద ఉంచినాము. వానలు వెలసిన పిమ్మట గాడులు మరల కొలుతునని మా మరిది చెప్పుచున్నాడు. పరచిన రాళ్లలో కొన్ని ఆషాఢపు వరదకు అప్పుడే కదలినవట.